డన్‌మోర్ రాత చదవగలిగిన ఒకే ఒక్కడు

మా ఊళ్లో చెప్పుకోదగ్గవి మూడే. కాలువ మీద రాతి లాకు, చర్చి గంట, మా తాతయ్య. లాకును చూడటానికి పడవవాళ్లు తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. గంట ఏనాడో బీటలు వారింది, పెళ్లికి కొట్టినా చావుకు కొట్టినా ఒకే తపేలా చప్పుడు. ఇక మిగిలింది తాతయ్య. పేరు జెడెడయా స్పూనర్. అసాహెల్ డన్‌మోర్ చేతిరాత చదవగలిగిన మనిషి ఈ భూమ్మీద ఆయన ఒక్కడేనని ఊరంతా నమ్మేది. తాతయ్య కూడా ఎన్నడూ కాదనలేదు.

డన్‌మోర్ మా ఊరివాడే. మా ఊరి పత్రిక ‘లాంతరు’కు పాతికేళ్ల పైన ఉత్తరాలు రాశాడు. ఆ రోజుల్లో విలేకరి అంటే ఊళ్లు తిరుగుతూ పత్రికకు ఉత్తరాలు రాసేవాడే. వాషింగ్టన్ నుంచి, అంతర్యుద్ధం జరిగిన పొలాల నుంచి, ఆ తర్వాత పడమటి గనుల ఊళ్ల నుంచి వారానికో ఉత్తరం వచ్చేది. ఎప్పుడైనా మనసు కరిగితే అడుగున ఒక పద్యం కూడా ఉండేది. మా జిల్లాలో ఆ ఉత్తరాల కోసమే పత్రిక కొనేవాళ్లు. ఆడవాళ్లు పద్యాలు కత్తిరించి వంటల పుస్తకంలో అంటించుకునేవారు.

ఆ రాత సంగతి చెప్పాలి. కాగితం ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక గీత. ఆ గీత మధ్య మధ్య గుటక మింగినట్టు కాస్త వంగేది. అంతే. రెండో పేజీకి వచ్చేసరికి గుటకలు కూడా మానేసేది. ఒకసారి ఊళ్లో ఉన్నప్పుడు డన్‌మోర్ రాసిన చీటీ మాంసం కొట్టుకు వెళ్లింది. కొట్టువాడు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, తాతయ్య దగ్గరకు పరుగెత్తాడు. తాతయ్య ఓ చూపు చూసి, “రెండు పౌన్లు కార్జం” అన్నాడు. డన్‌మోర్ ఇంట్లో ఆ వారం కార్జం వండుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

తాతయ్య ‘లాంతరు’లో కంపోజిటర్, అచ్చు అక్షరాలు పేర్చే మనిషి. అక్షరాల గళ్ల ముందు నలభై ఏళ్లు నిలబడ్డాడు. డన్‌మోర్ కాగితాన్ని పై పెట్టెకు ఆనించి, జారకుండా సీసపు ముక్క బరువు పెట్టి, పుగాకు బుగ్గన పెట్టి మొదలుపెట్టేవాడు. ఆయన చెయ్యి గళ్లలోకి, అక్కడి నుంచి వరస పేర్చే స్టిక్కులోకి గింజలు ఏరే కోడిలా పోయి వస్తూనే ఉండేది. నేను నాలుగో వాచకం దాకా చదివాను. ఐదోది చదివించడం తన వల్ల కాదని పంతులమ్మ చెప్పేసరికి, తాతయ్య నన్ను అచ్చాఫీసుకు తీసుకుపోయి, వాడేసిన అక్షరాలను తిరిగి గళ్లలో వేసే పని ఇప్పించాడు. అలా పక్కనే ఎత్తు పీట మీద కూర్చుని ఆయన్ని గమనించేదాన్ని.

“తాతయ్యా, నువ్వు అసలు కాగితం వైపు చూడట్లేదే?”

“చూశాను.”

“ఎప్పుడు?”

“నువ్వు పుట్టకముందు. పని చూసుకో, ఓర్ఫా. ‘బి’ గడిలో ‘డి’లు పోస్తున్నావు.”

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. నాకు పదిహేడేళ్లు వచ్చిన సంవత్సరం, ఫిబ్రవరిలో, ఫిలీనా డన్‌మోర్ అచ్చాఫీసు మెట్లెక్కి వచ్చింది.

డన్‌మోర్‌కు ఒక్కగానొక్క కూతురు ఆమె. ముప్పై దాటినా పెళ్లి కాలేదు. వంతెన పక్కన టోపీల కొట్టు నడుపుకుంటూ ఉండేది. ఆరేళ్ల కిందట వాళ్లమ్మ పోయినప్పుడు డన్‌మోర్ పడమట ఎక్కడో ఉన్నాడు. తంతి ఇచ్చినా రాలేదు. ఫిలీనా ఒక్కతే తల్లిని సాగనంపి, తండ్రికి ఉత్తరం రాసింది. ఇక ఈ ఇంటి గుమ్మం తొక్కవద్దని రాసిందని పోస్టాఫీసులో చెప్పుకున్నారు. ఉత్తరాలు తెరిచి చూడని పోస్టాఫీసు మా దేశంలో లేదు. ఆ తర్వాత ఆరేళ్లు తండ్రి నుంచి కూతురికి ఒక్క ముక్క రాలేదు. ‘లాంతరు’కు మాత్రం వారం వారం వచ్చేవి. ఫిలీనా అందరిలాగే మూడు సెంట్లు పెట్టి పత్రిక కొని, తండ్రి ఎక్కడున్నాడో తెలుసుకునేది.

ఆ నెలలో ఫిలీనాకు రెండు కవర్లు ఒకే టపాలో వచ్చాయి. ఒకటి కొలరాడోలో ఆయన అద్దెకున్న ఇంటావిడ రాసింది. గుండ్రటి అక్షరాలతో శుభ్రంగా ఉంది. డన్‌మోర్ గారు ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు, ఇక్కడే పూడ్చాము, బూట్లు గనివాళ్లకు ఇచ్చాము అని. రెండోది డన్‌మోర్ రాసినది. నాలుగు పేజీలు, పెన్సిలుతో.

ఫిలీనా చేతి తొడుగులు కూడా తియ్యకుండా తాతయ్య ముందు నిలబడింది.

“స్పూనర్ గారూ, అమ్మ ఉన్నప్పుడు నాన్న రాసినవన్నీ అమ్మే చదివి చెప్పేది. నాకు ఆ రాత రాదు. అమ్మ పోయాక ఇక మీరొక్కరే. పాస్టరు గారికి చూపించాను. ఒకచోట దేవుడి పేరు ఉందన్నారు. దగ్గరగా చూస్తే అది పుగాకు మరక.”

“పాస్టరుకు ఎక్కడ చూసినా ఆయనే కనబడతాడు” అన్నాడు తాతయ్య.

ఫిలీనా నవ్వలేదు. “నాకు ఒక్కటే తెలియాలి. నన్ను క్షమించాడా లేదా. మిగతాదంతా మీరు చదవకపోయినా ఫరవాలేదు.”

తాతయ్య కాగితాలు అందుకున్నాడు. మొదటి పేజీ చూశాడు, రెండోది చూశాడు. పుగాకు నమలడం ఆగిపోయింది. “ఆదివారం మా ఇంటికి రా అమ్మా. భోజనాలయ్యాక. నింపాదిగా చదవాలి ఇది” అన్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కెజయా బామ్మ వంటగదిలో రొట్టెపిండి పిసుకుతోంది. మా బామ్మ నోరు గురించి చెప్పాలంటే, కాలువ గట్టున మొండికేసిన కంచరగాడిదలు ఆమె కేక వింటే నడిచేవి. తాతయ్య ఉత్తరం బల్ల మీద పరిచి, కిటికీ వెలుతురులో చాలాసేపు చూశాడు.

“చదువు మరి, మేమూ వింటాం” అంది బామ్మ. “ఊరికంతా చదివి పెడతావు, ఇంట్లో మాత్రం మూగనోము.”

“కెజయా, నాకిది చదవడం రాదు.”

“కళ్లద్దాలు తుడుచుకో.”

“తుడిచాను. రావట్లేదు.” కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “ఎప్పుడూ రాలేదు.”

బామ్మ చేతులు పిండిలోనే ఉండిపోయాయి. తాతయ్య తల వంచుకుని చెప్పాడు. మొదట్లో డన్‌మోర్ కుర్రవాడు, సగం మాటలు తెలిసేవి. తర్వాత పావు వంతు. యుద్ధం అయ్యాక మోకాలి మీద కాగితం పెట్టి రాయడం అలవాటైంది, ఇక తేదీ తప్ప ఏదీ తెలిసేది కాదు. కానీ సాయంత్రానికి పత్రిక అచ్చుకు ఎక్కాలి. యజమాని గిడ్డింగ్స్ వెనకే నిలబడి గడియారం చూసేవాడు. వాషింగ్టన్ నుంచి రాస్తే ఏముంటుంది? బురద ఉంటుంది, ఓ సెనేటరు ఉంటాడు, చల్లారిన భోజనం ఉంటుంది. గనుల ఊరైతే మంచు, గాడిదలు, మోసపోయినవాడొకడు. తెలిసిన రెండు మాటలు పట్టుకుని మిగతాది తాతయ్యే పేర్చేవాడు.

“మరి ఆ మనిషి ఏమీ అనలేదా?” అంది బామ్మ.

“ఊరికి వచ్చినప్పుడల్లా నాకో చుట్ట ఇచ్చేవాడు.”

బామ్మకు నవ్వు ఆగలేదు. పిండి చేతులతోనే కళ్లు తుడుచుకుని, మొహమంతా తెల్లగా చేసుకుంది. “పాతికేళ్లు ఈ జిల్లా మొత్తం నా మొగుడి రాత చదివిందన్నమాట. నాకొక్క ఉత్తరం రాయమంటే ముక్క రాయలేదు పెళ్లికి ముందు.” నేనూ ఊరుకోలేదు. “తాతయ్యా, ఆ బంగారు గనుల్లో నువ్వు కష్టపడ్డావని నాకు తెలియనే తెలియదు” అన్నాను. అంతలో బామ్మ నవ్వు దానంతటదే ఆగిపోయింది.

“అయితే ఆ పిల్లకు ఏం చెబుతావు, జెడ్?”

శనివారం ఆఫీసు త్వరగా కట్టేశాక తాతయ్య నన్ను తీసుకుని పైనున్న అటకలోకి ఎక్కాడు. డన్‌మోర్ పాత కాగితాలు కట్టలు కట్టి అక్కడే పడేసేవారు. వాటి పక్కన అచ్చయిన పత్రికల దొంతరలు ఉన్నాయి. ఆయన ఆలోచన నాకు నచ్చింది. రాసిన కాగితం ఇక్కడ, అచ్చయిన మాట అక్కడ. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ గుటక ఏ అక్షరమో తెలిసిపోతుంది కదా.

గంటసేపు కూర్చున్నాం. నేను అచ్చులోని వాక్యం పైకి చదివేదాన్ని, ఆయన కాగితం మీద వేలు జరిపేవాడు. ఎక్కడా కుదరలేదు. అచ్చులో పది మాటలుంటే కాగితం మీద ఆరు వంపులు. చివరకు తాతయ్య కాగితం కింద పెట్టేశాడు. “ఎలా కుదురుతుంది? అది ఆయన రాసింది, ఇది నేను రాసింది. పొరుగింటి తాళంచెవితో మన తలుపు తియ్యాలని చూస్తున్నాం.”

అప్పుడే దీపం పద్యం ఉన్న కాగితం బయటపడింది. ఊళ్లో ఆ పద్యం తెలియనివాళ్లు లేరు. చివరి చరణం ఇది: ‘గుమ్మంలో దీపం ఆర్పకు, నేను దారిలోనే ఉన్నాను.’ తల్లి సమాధి రాయి మీద ఫిలీనా చెక్కించింది ఆ మాటే. తండ్రి రాకపోయినా తండ్రి మాటైనా అక్కడ ఉండాలని.

తాతయ్య ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. మా ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. ఆ చివరి చరణంలో మూడే మూడు మాటలున్నాయి.

“దీపం లేదు, ఓర్ఫా.”

“మరేముంది?”

“గొర్రె అనుకుంటాను. కాకపోతే గవర్నరు.”

నాకు నవ్వు ముంచుకొచ్చింది. తాతయ్య మొహం చూసి మింగేశాను. ఆ పద్యం అచ్చయిన మర్నాడు డన్‌మోర్ ఊళ్లో దిగి ఆఫీసుకు వచ్చాడట. పత్రిక చేత్తో పట్టుకుని, ఆ పద్యం రెండుసార్లు చదువుకుని, తాతయ్య వైపు చాలాసేపు చూసి, “బాగా కుదిరింది, జెడ్” అన్నాడట. అక్షరాలు వరసగా కూర్చినందుకు మెచ్చుకుంటున్నాడనుకున్నానని తాతయ్య అన్నాడు. నిజంగా అలాగే అనుకున్నాడో లేదో నేను అడగలేదు.

ఆదివారం బామ్మ ముందుగదిలో పొయ్యి వెలిగించింది. పాస్టరు వచ్చినప్పుడు, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు తప్ప ఆ పొయ్యి వెలగదు. ఫిలీనా వచ్చేలోపు బామ్మ తాతయ్యను మూలకు లాగింది.

“ఇన్నేళ్లు ఊరందరికీ కల్పించి పెట్టావు. ఈ పిల్లకు నాలుగు మంచి ముక్కలు కల్పిస్తే నీ చెయ్యి అరిగిపోతుందా? నాన్న నిన్ను క్షమించాడు అను. చచ్చినవాడు లేచి వచ్చి ప్రూఫు దిద్దుతాడా?”

“అదే చేద్దామనుకున్నాను” అన్నాడు తాతయ్య. రాత్రంతా తయారు చేసుకున్నట్టున్నాడు. కాలరు కూడా కొత్తది పెట్టుకున్నాడు.

ఫిలీనా కుర్చీ అంచున కూర్చుంది. తాతయ్య కళ్లద్దాలు సర్దుకుని, నాలుగు పేజీలూ చేత పట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“‘నా ప్రియమైన ఫిలీనా, ఇక్కడ కొండల మీద మంచు ఇంకా కరగలేదు. పొద్దున్నే గాడిదలు మెడలో గంటలతో కిందికి దిగుతుంటే, మన ఊరి చర్చి గంట కన్నా అవే బాగా మోగుతున్నాయని...’”

ఫిలీనా మొహం విప్పారింది. ఆరేళ్లలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. “నాన్నే” అంది. “అచ్చం నాన్నే. పేపర్లో కూడా ఇలాగే మొదలుపెట్టేవాడు. నేను మీ ఉత్తరాలు, అదే, నాన్న ఉత్తరాలు వారం వారం చదివేదాన్ని స్పూనర్ గారూ. కోపం ఉన్నా చదివేదాన్ని. మనిషి రాకపోయినా మాట వినబడుతోంది కదా అని.”

తాతయ్య నోరు తెరిచాడు. ఆ తర్వాతి వాక్యం బయటకు రాలేదు. బామ్మ బల్ల కింద నుంచి కాలితో తన్నింది, నాకు కనిపించింది. ఆయన కాగితాలు మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“నేను చదవడం లేదమ్మా. కల్పిస్తున్నాను. నాకీ రాత రాదు.”

ఫిలీనా నవ్వు మెల్లగా మొహం మీద నుంచి దిగిపోయింది.

“అంత ఘోరంగా రాశాడా?” అంది.

“లేదమ్మా. ఏం రాశాడో నాకు తెలియదు.”

“పాతికేళ్లు చదివినవారు ఈ నాలుగు పేజీలు చదవలేరా? నన్ను చూసి జాలిపడుతున్నారు మీరు. చెప్పండి. తిట్టాడా? తిట్టినా ఫరవాలేదు, నేను తట్టుకుంటాను.”

“దేవుడి తోడు, నాకు చదవడం రాదు.”

“మీకు రాదంటే ఊళ్లో పిల్లలు కూడా నమ్మరు.”

అది నిజం. నేనూ బామ్మా సాక్ష్యం చెప్పాం. బామ్మ బైబిలు తెచ్చి దాని మీద చెయ్యి వేసింది. ఫిలీనా మా ముగ్గురి వైపూ అలా చూసింది, రోగి చుట్టూ చేరి ఏమీ లేదులే అనేవాళ్లను రోగి చూసినట్టు. మేము ఎంత చెబితే అంత గట్టిగా, తండ్రి తనను శపించి పోయాడని ఆమెకు రూఢి అయిపోతోంది.

అప్పుడు తాతయ్య చేయగలిగింది ఒక్కటే మిగిలింది. దాన్ని చేస్తే ఇంకా ఘోరమని తెలుసు. అయినా చేశాడు. అటక మీది పద్యం కాగితం జేబులోంచి తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

“దీపం మాట నాది. మీ నాన్న అక్కడ మూడు మాటలే రాశాడు, అవేమిటో నాకు తెలియదు. మీ అమ్మ రాయి మీద ఉన్నది నేను పేర్చిన మాట. ఇప్పుడైనా నమ్ముతావా?”

ఆమె నమ్మింది. చరణం మీద వేలు పెట్టి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

“అయితే మా నాన్న ఎప్పుడైనా ఏమైనా అన్నాడా, స్పూనర్ గారూ?”

ఆమె ఉత్తరం, పద్యం కాగితం రెండూ తీసుకుని వెళ్లిపోయింది. బామ్మ చేసిన ఆపిల్ తీపిరొట్టెను ఎవరూ ముట్టుకోలేదు. మా ఇంట్లో తీపిరొట్టె మిగలడం అదే మొదలు.

తర్వాతి వారం తాతయ్య గిడ్డింగ్స్ దగ్గరకు వెళ్లి, జరిగిందంతా చెప్పి, దాన్ని పత్రికలో వెయ్యమన్నాడు. ఊరంతటికీ నిజం తెలియాలి అన్నాడు. గిడ్డింగ్స్ పొట్ట పట్టుకుని నవ్వి, మూడో పేజీలో హాస్యాల వరసలో వేశాడు. అది చదివి జనం రోడ్డు మీద ఆయన్ని ఆపి చెయ్యి కలిపారు. “ఎంత నమ్రత, స్పూనర్” అన్నారు. మాంసం కొట్టువాడైతే కళ్లనీళ్లు తుడుచుకుంటూ, “ఆ కార్జం కూడా నువ్వే రాశావంటావా?” అన్నాడు. తాతయ్య అవునన్నాడు. అది ఇంకా పెద్ద హాస్యం అయిపోయింది. నిజం చెప్పి ఇంత మెప్పు పొందిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆయన మాత్రం ఇంటికి వచ్చి బూట్లు కూడా విప్పకుండా కూర్చునేవాడు.

పనిలో కూడా మారిపోయాడు. ఎవరి కాగితంలోనైనా మాట తెలియకపోతే మెట్లు దిగి వెళ్లి రాసినవాణ్ని అడిగి వచ్చేవాడు. రోజుకు పదిసార్లు. గిడ్డింగ్స్‌కు విసుగొచ్చి ఆయనకు వేలం ప్రకటనలు ఇచ్చాడు. ఆవులు, నాగళ్లు, చనిపోయినవారి మంచాలు. అందులో ఊహించడానికి ఏమీ ఉండదు. ఫిలీనా మా వీధి వదిలేసి కాలువ గట్టు మీదుగా కొట్టుకు వెళ్లేది. తాతయ్య ఆదివారాల్లో ఆ వంతెన దాకా వెళ్లి, కొట్టు తలుపు వైపు చూసి, తిరిగి వచ్చేవాడు. “లోపలికి వెళ్లి ఏం చెబుతావు?” అని బామ్మ అడిగితే, “అదే తెలియట్లేదు” అనేవాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం మేము వెనక వసారాలో బఠాణీలు ఒలుస్తున్నాం. ఫిలీనా పక్క గేటు తీసుకుని వచ్చింది. ఆమె చేతిలో ఉత్తరం మడత మడతకీ చిరిగిపోయి ఉంది. ఎన్నిసార్లు తెరిచిందో. అందులో ఏముందో ఈసారి ఆమె అడగలేదు.

“ఇందులో నా పేరు ఎక్కడుందో చూపించగలరా?” అంది. “పేరు ఒక్కటి చాలు.”

తాతయ్య చేతులు లాగుకు తుడుచుకున్నాడు. కాగితాలు ఒళ్లో పరుచుకుని, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, గీత గీతా వెతికాడు. నేనూ బామ్మా బఠాణీలు ఒలుస్తూనే ఉన్నాం, గిన్నె సగం నిండింది.

“ఇక్కడ” అన్నాడు చివరికి. “మొదటి పేజీలో. ఇది ఖాయం. ఈ పొడుగు తోక నేను ఎరుగుదును, నువ్వు పుట్టినప్పుడు మీ నాన్న రాసిచ్చిన ప్రకటన వేసింది నేనే. మూడో పేజీలో ఇక్కడొకటి, చివర్లో ఇక్కడొకటి. ఈ రెండూ నా ఊహ. ఊహ మాత్రమేనమ్మా, గుర్తుంచుకో.”

ఆయన ఊహ అన్న రెండింటి వైపు ఆమె చూడలేదు. మొదటి పేజీ మీద, ఆయన చూపించిన చోట, తన వేలు పెట్టింది.

“కోపంగా ఉంటే మనిషి పేరు పెట్టి మొదలుపెడతాడా, స్పూనర్ గారూ?”

“కొందరు పెడతారు” అన్నాడు తాతయ్య. “కొందరు పెట్టరు. మీ నాన్న ఎలాంటివాడో నాకు తెలియదమ్మా. తెలుసనుకున్నాను ఇన్నేళ్లూ.”

బామ్మ ఇంకో పీట ముందుకు జరిపింది. ఫిలీనా వేలు తియ్యకుండానే కూర్చుంది.